పాత సామాను పారేసే ముందు బ్యాటరీలు ఏరండి

ఇల్లు సర్ది పాత సామాను వదిలించుకునేటప్పుడు చాలామంది ప్లాస్టిక్, పేపర్ వేరు చేయడంతో మొదలుపెడతారు. నేనైతే ముందు బ్యాటరీలు ఏరమంటాను. పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు, ట్రిమ్మర్లు, పిల్లల బొమ్మలు (వీటి సంగతే ఎవరికీ గుర్తుండదు) అన్నీ వెతకండి. లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే లోపల షార్ట్ అయి మంటలు లేవొచ్చు. బండిలోని మిగతా సరుకు కూడా కాలిపోవచ్చు. విడి బ్యాటరీల కొనలకు టేప్ అంటించి, వేరే డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, బలవంతంగా పీకొద్దు.

ఇక రీసైక్లింగ్‌కు ఇచ్చే అట్టపెట్టెలు తడవకుండా చూడండి, నూనె పట్టినవి వాటిలో కలపొద్దు. సీసాలు ఓసారి నీళ్లతో కడిగితే చాలు. తళతళలాడేలా తోమితే నీళ్లు దండగ.