గండికోటను తీరిగ్గా చూడాలనుకునేవారికి

వైఎస్సార్ కడప జిల్లాలో, ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా చీల్చుకుని పారే చోట గండికోట ఉంది. లోయ అంచున ఫొటో దిగి గంటలో వెనుదిరిగేవారే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తారు. అది కోటను చూడటం కాదు. కనీసం ఒక పూట కేటాయించండి, వీలైతే ఒక రాత్రి బస చేయండి.

రైలులో వచ్చేవారు ముద్దనూరులో గాని జమ్మలమడుగులో గాని దిగవచ్చు. జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్ల దూరం. బస్సులో వెళ్లేవారు తిరుగు బస్సు వేళను ముందుగానే కనుక్కోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం; ఎండాకాలంలో ఆ బండరాళ్ల మీద మధ్యాహ్నం నిలబడటం కూడా కష్టమే. మంచినీళ్లు, టోపీ, జారని చెప్పులు తప్పనిసరి.

ముఖద్వారాన్ని హడావిడిగా దాటిపోకండి. ఎత్తయిన తలుపులకు తాపడం చేసిన ఇనుప రేకులనూ, వాటి మీద పొడుచుకొచ్చిన మేకులనూ దగ్గరగా చూడండి. లోపలి దారి తిన్నగా సాగక మలుపు తిరగడం శత్రువు ఒక్క ఊపున చొరబడకుండా చేసిన ఏర్పాటే. పడమర, ఉత్తర దిక్కుల్లో లోయ కాపు కాస్తుండగా, మిగిలిన వైపుల భారమంతా గోడలూ బురుజులూ మోశాయి. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురం ఉంటున్నారు. వారి అనుమతి లేకుండా ఇళ్లనూ మనుషులనూ ఫొటో తీయడం మర్యాద కాదు.

ఉదయం మాధవరాయ ఆలయంతో మొదలుపెట్టడం మేలు. ఏటవాలు వెలుతురు పడినప్పుడు గోపురం మీదా స్తంభాల మీదా చెక్కిన బొమ్మల గీతలు స్పష్టంగా తేలుతాయి. ఎండ ముదిరాక జామా మసీదు కమానుల నీడలోకి చేరండి. పక్కనే ఉన్న కత్తుల కోనేరులో యుద్ధం ముగిశాక కత్తులు కడిగేవారని స్థానికులు చెబుతారు. సమీపంలోని ధాన్యాగారాన్ని మాత్రం తప్పక చూడాలి, ఎందుకంటే ముట్టడి నెలల తరబడి సాగినప్పుడు కోటను నిలబెట్టేవి గోడలు మాత్రమే కాదు, నిల్వ ఉన్న గింజలూ నీళ్లూ కూడా.

విజయనగర కాలం నుంచి పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా స్వాధీనం చేసుకున్నాడు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, మీర్ జుమ్లా ఫిరంగులు పోత పోయించిన సంగతిని రాసిపెట్టాడు. ఈ మాత్రం చరిత్ర తెలుసుకుని వెళితే, గుడి, మసీదు, గాదె ఇంత దగ్గరగా ఎందుకు నిలిచాయో బోధపడుతుంది.

ఎండ తగ్గాక లోయ వైపు నడవండి. అంచున రక్షణగా గట్టి కంచె ఉంటుందనుకోవద్దు. రాళ్లు కొన్నిచోట్ల నున్నగా ఉంటాయి, గాలి విసురు హఠాత్తుగా పెరుగుతుంది. పిల్లల చేయి వదలకండి, సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి, చీకటి పడకముందే తిరుగుముఖం పట్టండి. రాత్రి బస చేసినవారు సూర్యోదయాన మరోసారి ఇక్కడికి వచ్చి, ఆ తరువాత దారిలో మైలవరం జలాశయాన్నీ, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలనూ చూసుకుని వెళ్లవచ్చు.