కమ్యూనిటీ షీల్డ్ ఏకపక్షంగా ముగిస్తే దాన్ని ఎలా అంచనా వేయాలి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ విజేతకూ, నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్ విజేతకూ మధ్య సీజన్ ఆరంభంలో జరిగే కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్ ఒక్కోసారి పూర్తిగా ఏకపక్షమవుతుంది. గెలిచిన జట్టుకు అప్పుడే లీగ్ టైటిల్ కట్టబెట్టేయడం చాలామందికి అలవాటు. అయితే 2014లో ఆర్సెనల్ 3-0తో మాంచెస్టర్ సిటీని చిత్తు చేసినా, ఆ సీజన్ చివరికి సిటీ రెండో స్థానంలో, ఆర్సెనల్ దాని వెనుక మూడో స్థానంలో నిలిచాయి.

అందువల్ల మ్యాచ్ మొదలయ్యేలోపే ఇరు జట్లలో ఎవరు ఆడడం లేదో రాసిపెట్టుకోండి. వరల్డ్ కప్ జరిగిన వేసవిలో చివరిదాకా ఆడినవారు శిక్షణకు ఆలస్యంగా వస్తారు. 2014లో సిటీకి అర్జెంటీనా ఆటగాళ్లు అగ్వేరో, జబలెటా లేరు నిజమే కానీ, ఆర్సెనల్ కూడా వరల్డ్ కప్ గెలిచిన తన జర్మన్ ఆటగాళ్లు లేకుండానే ఆడింది. ఓడిన జట్టు లోటును మాత్రమే లెక్కగట్టడం న్యాయం కాదు.

ఆట మొదలయ్యాక బంతి వెంట కాకుండా, వెనకబడుతున్న జట్టు మిడ్‌ఫీల్డ్ మీద చూపు నిలపండి. ప్రత్యర్థి డిఫెండర్ కాలి దగ్గర బంతి ఉన్నప్పుడు ఫార్వర్డ్ అతని మీదికి పరుగెత్తుతాడు. అదే క్షణంలో ఆ ఫార్వర్డ్ వెనుక ఉన్న మిడ్‌ఫీల్డర్లు కూడా ముందుకు జరిగారా, లేక ఉన్నచోటే నిలబడిపోయారా అన్నది గమనించాలి. నిలబడిపోతే మధ్యలో ఖాళీ ఏర్పడి, ఒక్క పాస్‌తో ఫార్వర్డ్ చేసిన శ్రమంతా వృథా అవుతుంది. ఈ లోపం తొలి పావుగంటలోనే పదేపదే కనిపిస్తే అది జట్టు కూర్పులోని సమస్య కావచ్చు. గంటసేపు సరిగ్గా ఆడి ఆ తర్వాత మాత్రమే కనిపిస్తే అది ఎక్కువగా ఫిట్‌నెస్ లోపమే, కొన్ని వారాల్లో సర్దుకునే అవకాశం ఉంది. నా దృష్టిలో ఈ మ్యాచ్ నుంచి తెలుసుకోదగిన అతి విలువైన విషయం ఈ తేడాయే.

రెండో సగంలో వరుసగా సబ్‌స్టిట్యూట్లు దిగాక పడే గోల్స్‌కు తక్కువ విలువ ఇవ్వండి.

ప్రత్యర్థి స్థాయిని కూడా తూచాలి. 2013లో మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో ఓడించిన విగన్, ఎఫ్‌ఏ కప్ గెలిచిన సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోయిన జట్టు. ఆ తర్వాత యునైటెడ్ ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. 2018లో సిటీ అదే 2-0 తేడాతో చెల్సీని ఓడించి, 98 పాయింట్లతో లీగ్‌ను గెలుచుకుంది. ఒకే జట్టు లీగ్, కప్ రెండూ గెలిచినప్పుడు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు బరిలోకి దిగుతుంది కాబట్టి, అవతలి జట్టు ఏ అర్హతతో వచ్చిందో ముందే చూసుకోండి.

మీరు రాసుకున్నదాన్ని భద్రపరిచి, సెలవులో ఉన్న ఆటగాళ్లు తిరిగొచ్చాక జరిగే లీగ్ మ్యాచ్‌ల్లో మిడ్‌ఫీల్డ్‌లోని ఆ ఖాళీ పూడిందో లేదో సరిపోల్చుకోండి.