ఫెడరల్ గ్రాంటు నిర్వహణ కొత్తగా చేపట్టిన వారికి శిక్షణ ఎలా ఇవ్వాలి?

డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో, పూర్తికాలపు చదువు లెక్కన, కనీసం 25 శాతం మంది హిస్పానిక్ మూలాలవారు ఉన్న లాభాపేక్ష లేని కళాశాలలను అమెరికాలో 'హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్లు' అంటారు. మన తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్, డెంటన్ విశ్వవిద్యాలయాలు కూడా ఈ కోవలోవే. ఇలాంటి కళాశాలల కోసం 1998లో ఉన్నత విద్యా చట్టంలో 'టైటిల్ ఫైవ్' అనే ప్రత్యేక అధ్యాయం చేరింది. దాని కింద అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వం నుంచి గ్రాంటు సాధారణంగా ఐదేళ్లపాటు వస్తుంది. దాన్ని నడిపే ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా తరచు ఒక అధ్యాపకుడో, విద్యార్థి సేవల విభాగంలోని కౌన్సెలరో నియమితులవుతారు. విద్యార్థుల కష్టాలు వారికి బాగా తెలుసు. ఖాతా పుస్తకాలు మాత్రం కొత్త. శిక్షణ పూడ్చవలసింది ఈ ఖాళీనే.

ముందుగా, గ్రాంటు ఏ స్థితిలో ఉందో తేల్చుకోండి

2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ ఈ కార్యక్రమంతో పాటు ఇలాంటి మరికొన్ని కార్యక్రమాలకు విచక్షణాధికారం కింద ఇచ్చే నిధులను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. కాబట్టి శిక్షణ మొదటి రోజునే ఈ సంవత్సరపు సొమ్ము మంజూరైందా, ఏ తేదీ వరకు ఖర్చు చేయవచ్చు, గ్రాంటు జీతంపై పనిచేస్తున్న వారి సంగతి ఏమిటి అన్న ప్రశ్నలకు కళాశాల గ్రాంట్ల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించాలి. నోటిమాటగా విన్న భరోసాపై ఎవరినీ కొత్తగా నియమించకూడదు.

మొదటి వారం చదువుకే కేటాయించండి

కొత్త డైరెక్టర్ చేతికి ముందు రెండు కాగితాలు ఇవ్వాలి. ఒకటి విద్యాశాఖ పంపిన గ్రాంటు మంజూరు పత్రం, రెండోది కళాశాల సమర్పించిన అసలు దరఖాస్తు. మంజూరు పత్రంలో బడ్జెట్ కాలం, మొత్తం ప్రాజెక్టు కాలం, ముఖ్య సిబ్బంది పేర్లు, ప్రత్యేక షరతులు ఎక్కడున్నాయో వారి చేతనే గుర్తు పెట్టించాలి. దరఖాస్తులో 'చేస్తాం' అని రాసిన ప్రతి పనినీ, చేరుకుంటామన్న ప్రతి అంకెనూ ఒక పట్టికలోకి ఎక్కించమనాలి. ఏటా పంపవలసిన పనితీరు నివేదికకు ఈ పట్టికే ఆధారమవుతుంది. దరఖాస్తు రాసినవారు అప్పటికే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటే, అందులోని హామీలు మిగిలినవారికి తొలిసారి కనబడేది ఈ పట్టికలోనే.

ఒక బిల్లును మొదటి నుంచి చివరి దాకా నడిపించండి

నిబంధనల పుస్తకాన్ని వరుసగా వినిపిస్తే నిద్ర వస్తుంది. దానికి బదులు ఒక ఊహాత్మక బిల్లు ముందు పెట్టండి. సెప్టెంబరు 30న ప్రాజెక్టు ఐదో ఏడు ముగుస్తుంది. సెప్టెంబరు 25న ట్యూటరింగ్ కేంద్రానికి పన్నెండు ల్యాప్‌టాప్‌లు కావాలని ఆర్డరు వచ్చింది, ఖాతాలో డబ్బూ ఉంది. సంతకం చేయవచ్చా?

ఫెడరల్ గ్రాంట్లన్నిటికీ వర్తించే 'యూనిఫాం గైడెన్స్' అనే నిబంధనావళి అడిగేవి ప్రధానంగా మూడు: ఈ ఖర్చుకు నిబంధనలు అనుమతిస్తాయా, ధర సమంజసమైనదేనా, దీనివల్ల ప్రయోజనం ఈ ప్రాజెక్టుకే చెందుతుందా. మొదటి రెండింటికీ ఔనని చెప్పవచ్చు. మూడో ప్రశ్న దగ్గర బిల్లు ఆగిపోతుంది. ఐదు రోజుల్లో ముగిసే ప్రాజెక్టుకు ఆ యంత్రాలు ఏం ఉపయోగపడ్డాయని ఆడిటర్ అడిగితే చెప్పడానికి జవాబుండదు. మిగిలిన సొమ్ము ఖర్చు చేయడం కోసమే గడువు పొడిగించుకోవడానికీ నిబంధనలు ఒప్పుకోవు.

టైటిల్ ఫైవ్‌కు సొంత నిషేధాలు కూడా ఉన్నాయి. కళాశాల అధ్యక్షుని జీతంలో ఏ భాగమూ, బీరువాలు, బల్లల వంటి మామూలు ఆఫీసు సామగ్రీ, విద్యార్థులను చేర్చుకోవడానికి చేసే ప్రచారమూ ఈ సొమ్ముతో చెల్లించరాదు. కళాశాల అప్పటికే సొంత నిధులతో చేస్తున్న పనిని ఈ ఖాతాకు మళ్లించడం కూడా తప్పే. ఉన్నతాధికారుల నుంచి కొత్త డైరెక్టర్‌పై ఎక్కువ ఒత్తిడి వచ్చేది ఇక్కడేనని నా అభిప్రాయం. అందుచేత 'కుదరదు' అని మర్యాదగా రాసే ఈమెయిలును కూడా శిక్షణలో ఒకసారి రాయించడం మంచిది.

పని గంటల లెక్క

జీతాలే చాలా గ్రాంట్లలో పెద్ద పద్దు కనుక ఆడిటర్ కన్ను ముందు వాటిపైనే పడుతుంది. సగం సమయం గ్రాంటుకు పనిచేసే ఉద్యోగి ప్రతి నెలా 50, 50 అని నింపిన కాగితాన్ని చూపించి, ఇందులో తప్పేమిటని అడగండి. అది బడ్జెట్‌లో వేసుకున్న అంచనా మాత్రమే. నిజంగా చేసిన పనికి అది రుజువు కాదు. రిజిస్ట్రేషన్ వారంలో ఆ ఉద్యోగి పూర్తిగా అడ్మిషన్ల కౌంటర్‌లో కూర్చుని ఉంటే ఆ నెల కాగితంలో అది కనబడాలి, జీతం కూడా ఆ మేరకు సర్దుబాటు కావాలి.

ఎప్పుడు అనుమతి అడగాలి?

ప్రాజెక్టు లక్ష్యం మారినా, ముఖ్య సిబ్బందిలో ఒకరు మారినా, ప్రాజెక్ట్ డైరెక్టర్ మూడు నెలలకు మించి దూరంగా ఉన్నా, ఆ డైరెక్టర్ ప్రాజెక్టుకు ఇచ్చే సమయం 25 శాతం తగ్గినా విద్యాశాఖ ముందస్తు అనుమతి తీసుకోవాలి. పరికరంగా లెక్కించే వస్తువు విలువ పరిమితి 2024 అక్టోబరు 1 నుంచి 5,000 డాలర్ల నుంచి 10,000 డాలర్లకు మారింది. అందువల్ల గ్రాంటు ఎప్పుడు మంజూరైందో చూసి ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పాలి. పాత నోట్స్ యథాతథంగా పంచిపెట్టకూడదు.

అకౌంట్స్ విభాగంతో నెలకోసారి

గ్రాంటు సొమ్మును అవసరానికి మించి ముందుగా తెచ్చి బ్యాంకులో నిల్వ ఉంచరాదు. డైరెక్టర్ పుస్తకంలోని ఖర్చూ, అకౌంట్స్ లెడ్జర్‌లోని ఖర్చూ నెలనెలా పక్కపక్కన పెట్టి సరిచూడటం అలవాటు చేయించండి. తేడా ఆ నెలలోనే దొరికితే ఒక ఫోన్‌తో సరిపోతుంది. ఏడాది తరువాత దొరికితే సవరణ పద్దులూ, వివరణ లేఖలూ రాయవలసి వస్తుంది.

చివరి రోజు, ఉత్తుత్తి ఆడిట్

అకౌంట్స్ ఉద్యోగి ఒకరిని ఆడిటర్ పాత్రలో కూర్చోబెట్టి, ఫైల్లోంచి ఏవైనా ఐదు ఖర్చులు తీయించండి. ఒక్కొక్కదానికీ ఆర్డరు, బిల్లు, సరుకు అందినట్లు సంతకం, దరఖాస్తులో ఆ పనిని పేర్కొన్న పేజీ పది నిమిషాల్లో చూపించమని కొత్త డైరెక్టర్‌ను అడగాలి. దొరకని కాగితమేదో రాసుకుని, ఆ వారంలోనే దాన్ని తెప్పించి ఫైల్లో చేర్చాలి. ఈ ఫైళ్లను ఆఖరి ఆర్థిక నివేదిక పంపిన తేదీ నుంచి మూడేళ్లు, ఆలోగా ఆడిట్ వివాదమేదైనా మొదలైతే అది తేలేవరకు భద్రపరచాలి. కనుక బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో, కంప్యూటర్ ఫోల్డర్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో కూడా ఆ రోజే రాసిపెట్టుకోవాలి.