సీతాకోకచిలుకల తోట పెంచడం, వచ్చినవాటిని లెక్కపెట్టడం ఎలా?

పార, నీళ్ల డబ్బా, చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు. పెన్ను వద్దు, చెమట చేత్తో తాకితే సిరా అలుక్కుపోతుంది.

రంగురంగుల పూలమొక్కలు నాలుగు నాటేసి సీతాకోకచిలుకల తోట అనేవాళ్లను చూస్తే నాకు విసుగు. పూల దగ్గరికి అవి తేనె తాగడానికే వస్తాయి. గుడ్లు పెట్టాలంటే వాటి పిల్లలు, అంటే గొంగళిపురుగులు, తినే ఆకు ఉండాలి. ప్లెయిన్ టైగర్ అనే జాతికి జిల్లేడు, కామన్ ఎమిగ్రెంట్‌కి రేల, లైమ్ బటర్‌ఫ్లైకీ కామన్ మార్మన్‌కీ నిమ్మ, కరివేపాకు. ముందు ఆకుమొక్కలు, తర్వాతే పూలమొక్కలు. లాంటానా మాత్రం నాటొద్దు. సీతాకోకచిలుకలు దానిమీద మూగుతాయి, కాదనను. కానీ అది అమెరికా ఖండాల నుంచి వచ్చి మన అడవుల్ని కమ్మేసిన మొక్క.

కరివేపాకు మీద పిట్ట రెట్ట లాంటిది కనిపిస్తే దులపకండి. అది లేత గొంగళిపురుగు. నాలుగుసార్లు కుబుసం విడిచాక పచ్చగా మారుతుంది. ఆకులు తినేస్తోందని మందు కొడితే ఇంత శ్రమా వృథా. వేపనూనె కూడా వద్దు, అదీ పురుగుల్ని చంపేదే. ఒక మూల కాస్త మట్టి ఖాళీగా వదలండి, అక్కడ ఒంటరి తేనెటీగలు బొరియలు చేసుకుంటాయి.

ఇక లెక్క. అందరూ పాడుచేసేది ఇక్కడే.

బ్రిటన్‌లో 1976 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్న పద్ధతి ఇది, పొలార్డ్ నడక అంటారు. ఎప్పుడూ ఒకే దారి, ఒకే నడక వేగం. మీ చుట్టూ ఒక పెట్టె ఉందనుకోండి: ఎడమకు రెండున్నర మీటర్లు, కుడికి రెండున్నర, ముందుకు 5, ఎత్తు 5. పెట్టె బయట ఎంత అందమైనది ఎగిరినా రాయకూడదు. దాని వెంట పరుగెత్తకూడదు. గుర్తుపట్టడానికి ఆగారా, లెక్కా ఆపండి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇందాక రాసినదే మళ్లీ ఎదురొచ్చిందనిపిస్తే వదిలేయండి. తిరిగి తిరిగి వచ్చే ఒక్క ప్లెయిన్ టైగర్‌ని నాలుగుగా రాసిన పుస్తకాలు నేను చూశాను.

పేర్లలోనూ మోసం ఉంది. కామన్ మార్మన్ ఆడవాటిలో ఒక రకం అచ్చం కామన్ రోజ్ అనే మరో జాతిలా ఉంటుంది, ఎందుకంటే రోజ్ విషపూరితం, పిట్టలు దాని జోలికి పోవు. రెక్కలు చూడొద్దు, ఒళ్లు చూడండి. రోజ్ ఒళ్లు ఎర్రగా, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటాయి. మొదటి ఏడాది నేను అన్నిటినీ రోజ్ అనే రాసుకున్నాను, ఆ పుస్తకం ఇప్పుడు దేనికీ పనికిరాదు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదీ అంతే, ప్లెయిన్ టైగర్‌ని అనుకరిస్తుంది. వెనక రెక్క మీద నల్ల చుక్క ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై, మూడో నాలుగో ఉంటే టైగర్. తేలకపోతే ‘తెలియదు’ అని రాయండి, ఊహించి మాత్రం రాయొద్దు.

ఏమీ కనిపించని రోజు పుస్తకమే తెరవనివాళ్లతో నాకు పెద్ద తంటా. తేదీ, సమయం, ఎండ, గాలి వివరాలతో సున్నా రాయాలి. సున్నా లేని పుస్తకం చూసి సీతాకోకచిలుకలు తగ్గాయో, మీరు వెళ్లలేదో ఎవరు చెప్పగలరు? ఇంటికొచ్చాక, చూసిన జీవుల వివరాలు నమోదుచేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ఎక్కించేటప్పుడు రెక్కల అడుగువైపు ఫొటో కూడా జతచేయండి. చాలా జాతుల పేరు తేలేది అటువైపే.