టెన్షన్ లక్షణం ఏది, దాని వెనక రసాయనం ఏది: గుండె దడ నుంచి తెల్లవారుజాము మెలకువ దాకా

ఒత్తిడి వల్ల వచ్చిన ఇబ్బంది ఏదైనా సరే, ముందు చూడాల్సింది సమయం. లక్షణం సెకన్లలో వచ్చిందా, అరగంట తర్వాత తెలిసిందా, వారాల తరబడి వదలడం లేదా అన్నదాన్ని బట్టి దాని వెనక ఉన్న రసాయనం మారుతుంది. దాన్ని బట్టి మనం చేయాల్సిన పనీ మారుతుంది. "కాస్త రిలాక్స్ అవ్వు" అనే సలహా చాలాసార్లు ఎందుకూ పనికిరానిది ఇందుకే.

ఉన్నట్టుండి గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం

ఇది సెకన్ల వ్యవహారం. మెదడులోని అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టి, హార్మోన్లను అదుపుచేసే హైపోథాలమస్ అనే మరో భాగానికి కబురు పెడుతుంది. అక్కడి నుంచి, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాల గుండా ఆదేశం కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది, అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అదే సమయంలో మెదడు కాండంలో ఉండే లోకస్ సెరూలియస్ అనే కణాల గుంపు మెదడంతటా నోరడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, లాలాజలం తగ్గుతుంది. తలపడడానికో పారిపోవడానికో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. ఎదురుగా ఉన్నది కరవడానికి వస్తున్న కుక్కా, మేనేజర్ ఫోనా అన్న తేడా అడ్రినల్ గ్రంథికి తెలియదు.

అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, కొద్ది నిమిషాల్లోనే సగానికి సగం పోతుంది. అయినా దడ పావుగంట దాటి సాగుతోందంటే కొత్తగా ఇంకా విడుదలవుతోందన్నమాట. దాన్ని రప్పిస్తున్నది చాలాసార్లు ఆ దడను చూసి మనం పడే భయమే.

చేయాల్సింది: ఊపిరి వదిలే సమయం పెంచండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరో ఎనిమిదో లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం అక్కడ అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. నమ్మకం కుదరకపోతే మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి చూడండి. పీల్చేటప్పుడు నాడి కాస్త జోరుగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేళ్లకే తెలుస్తుంది. ఐదు నిమిషాలు అలా చేసి, వీలుంటే లేచి నడవండి.

అంతేగానీ గబగబా, గుండెల నిండా పీల్చకండి. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తిరుగుతుంది. గాలి చాలడం లేదనిపించి ఇంకా పీలుస్తాం, ఇంకా ముదురుతుంది.

ఛాతీలో నొప్పో బరువో వచ్చి చేతికి, దవడకు పాకుతున్నా, చల్లటి చెమటలతో ఆయాసం వచ్చినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి. దడతో పాటు బరువు తగ్గుతూ, చేతులు వణుకుతుంటే థైరాయిడ్ చూపించుకోండి. రక్తహీనత వల్ల కూడా దడ వస్తుంది.

అన్నీ చదివాను, తీరా అడిగేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు

నోరడ్రినలిన్ ఓ మోతాదులో ఉంటే నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుగ్గా పనిచేస్తుంది. మోతాదు మించితే అదే రసాయనం వేరే రిసెప్టర్లను (కణాల మీద రసాయనాలు అతుక్కునే చోట్లను) పట్టుకుని ఆ భాగాన్ని మందగింపజేస్తుంది. చదివింది చెరిగిపోలేదు, వెతికి తీసే పని కాసేపు ఆగింది, అంతే. అందుకే పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే అన్నీ గుర్తొస్తాయి!

మొదట తేలిగ్గా వచ్చే ప్రశ్నతో మొదలుపెట్టండి. ప్రాక్టీసు కూడా అసలు పరీక్షలాగే, గడియారం పెట్టుకుని, ఎవరో ఒకరి ఎదుట చేయండి. పైలట్లు ఎంత అనుభవం ఉన్నా ప్రమాద సమయంలో చెక్‌లిస్టు తీసి చదువుతారు. ముఖ్యమైన మాటలు కాగితం మీద రాసిపెట్టుకోవడం చేతకానితనం కాదు.

ముఖ్యమైన పనికి బయల్దేరే ముందే కడుపులో తిప్పడం, బాత్రూమ్‌కి పరుగు

హైపోథాలమస్ వదిలే సీఆర్‌హెచ్ అనే రసాయనం జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, పెద్దపేగును తొందరపెడుతుంది. ఆ రోజు కాఫీ, బరువైన భోజనం మానుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మలంలో రక్తం పడినా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా డాక్టర్ చూడాల్సిందే. అన్నట్టు, శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే ఉంటుందన్నది నిజమే గానీ, అది మెదడులోకి వెళ్లదు. ఫలానాది తింటే మూడ్ మారిపోతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

గొడవ ముగిసి గంటయినా మనసు కుదుటపడదు

ఇక్కడ పనిచేస్తున్నది కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్. హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్, చివరికి అడ్రినల్ గ్రంథి పైపొర నుంచి కార్టిసాల్: ఇన్ని అంచెలు దాటాలి కాబట్టి ఇది ఆలస్యంగా వస్తుంది. ఒత్తిడి మొదలైన 20-30 నిమిషాలకు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది, దిగడానికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే గొడవ అయిపోయాక కూడా దాని రసాయనం ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ గంటలో కోపంగా మెసేజ్ పంపకండి, రాజీనామా రాయకండి.

మామూలుగా కార్టిసాల్ తిరిగి మెదడుకే చేరి, తన ఉత్పత్తిని తానే ఆపేయిస్తుంది. జరిగినదాన్నే మనసులో మళ్లీ మళ్లీ తిప్పుకుంటుంటే మాత్రం ఆ సర్దుబాటు జరగదు. "దాని గురించి ఆలోచించకు" అని మనకు మనం చెప్పుకుంటే ఇంకా ఆలోచిస్తాం. చేతులకు పని చెప్పడమో, వేరే విషయం మాట్లాడే మనిషి దగ్గర కూర్చోవడమో నయం.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ, మళ్లీ నిద్ర పట్టదు

కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉండి, రాత్రి రెండో సగంలో పెరగడం మొదలవుతుంది. పొద్దున లేచాక అరగంట, ముప్పావుగంటలో ఇంకా పైకి వెళ్తుంది. ఇది అందరికీ ఉన్నదే. ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఆ సమయంలో చిన్న అలికిడికే మెలకువ వచ్చి, అప్పుల దగ్గర్నుంచి ఆఫీసు దాకా అన్నీ గుర్తొస్తాయి.

కాఫీ లెక్క చూసుకోండి. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగిన దాంట్లో సగం రాత్రి పదింటికీ ఒంట్లోనే ఉంటుంది. మందు తాగితే నిద్ర పడుతుందనేవాళ్లది సగం నిజం: ఆల్కహాల్ గాబా అనే శాంతపరిచే రసాయనం ప్రభావాన్ని పెంచి నిద్రపుచ్చుతుంది, దిగిపోయేటప్పుడు అదే మెదడును ఉలికిపాటుకు గురిచేస్తుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చోండి. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఒకే సమయానికి లేవండి.

ఏదో ఒక వేళ కార్టిసాల్ రక్తపరీక్ష చేయించుకుని "స్ట్రెస్ ఎక్కువుంది" అని తేల్చుకోవడం డబ్బు దండగ. గంట గంటకూ మారేదాన్ని ఒక్క అంకెతో ఎలా తేలుస్తారు?

వారాలుగా అలసట, చిరాకు, దేని మీదా ఆసక్తి లేకపోవడం

కార్టిసాల్ ఎక్కువకాలం ఎక్కువగానే ఉంటే, దాన్ని అదుపుచేసే రిసెప్టర్లు మొద్దుబారతాయి. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఈ రిసెప్టర్లు ఉన్నాయని మెదడు శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూవెన్ 1968లో చూపించాడు. మతిమరుపు, చిరాకు కలిసి రావడం వింతేమీ కాదు.

ఈ దశలో ఊపిరి వ్యాయామం ఒక్కటే చాలదు. నెత్తిన ఉన్న పనుల్లో కొన్నిటిని నిజంగానే దించుకోవాలి, వారంలో ఎక్కువ రోజులు ఒళ్లు కదిలేలా నడవాలి. "అడ్రినల్ ఫెటీగ్" అనే పేరుతో అమ్మే పొడులు కొనకండి, అలాంటి జబ్బును వైద్యశాస్త్రం గుర్తించలేదు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. డాక్టర్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు (దిగులు తగ్గించే ఒక రకం మందులు) రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో తేడా లేదని మానేయొద్దు, తగ్గింది కదా అని డాక్టర్‌కు చెప్పకుండా ఆపేయనూ వద్దు. ఆస్తమాకో కీళ్లనొప్పులకో ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్నట్టయితే ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. అది కార్టిసాల్ లాగే పనిచేస్తుంది, నిద్రలేమి, చిరాకు దానివల్లే కావచ్చు.