గ్రాండ్ క్యానియన్ అంచు వెంబడి 21 కిలోమీటర్లు: రిమ్ ట్రైల్ మీద ఎలా పరిగెత్తాలి

గ్రాండ్ క్యానియన్ అనగానే అందరూ లోపలికి దిగడం గురించే మాట్లాడతారు. పరిగెత్తే అలవాటున్నవాళ్లకి మాత్రం అసలైన దారి పైనే ఉంది. సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) మీద సౌత్ కైబాబ్ ట్రైల్‌హెడ్ (లోయలోకి దిగే కాలిబాట మొదలయ్యే చోటు) దగ్గర మొదలై, లోయ అంచు పట్టుకుని పడమరకి హెర్మిట్స్ రెస్ట్ దాకా వెళ్లే రిమ్ ట్రైల్ పొడవు 13 మైళ్లు. అంటే దాదాపు 21 కిలోమీటర్లు, ఇంచుమించు హాఫ్ మారథాన్. చాలా భాగం చదునైన పక్కా బాట, మధ్యలో వచ్చే గ్రాండ్ క్యానియన్ విలేజ్ అనే ఊళ్లోంచి బయటపడ్డాక ఎదురయ్యే ఒక్క చడావు తప్ప ఊపిరాడనివ్వని ఎక్కుడేమీ లేదు. మ్యాప్‌లో చూస్తే గంటన్నరలో కొట్టేయొచ్చు అనిపిస్తుంది, టైమ్ టార్గెట్ పెట్టుకుని వచ్చేవాళ్లు బోల్తా పడేది సరిగ్గా అందుకే.

ఎందుకంటే మీరు పరిగెత్తేది ఏడు వేల అడుగుల ఎత్తులో. సముద్రమట్టంతో పోలిస్తే ఊపిరికి అందే ఆక్సిజన్‌లో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ముందురోజు లాస్ వేగాస్‌లో తిరిగి, రాత్రికి కారులో వచ్చి, తెల్లారి లేచి బూట్లు కట్టుకుంటే మొదటి రెండు కిలోమీటర్లు బాగానే ఉంటాయి, తర్వాత గుండె దడదడలాడుతుంది, తల బరువెక్కుతుంది. కుదిరితే ఒక రోజు ముందే వచ్చి ఊరికే నడవండి. పరుగు రోజు వాచీలో పేస్ చూడటం మానేసి నోటిని నమ్ముకోండి: పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే ఆ వేగం సరైనది, మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించాల్సిందే.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది చాలామంది అడుగుతారు. నా ఓటు తూర్పు నుంచి పడమరకే. పొద్దున్నే ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా ఉన్న రాతి గోడలు మాత్రం వెలుగులో ఉంటాయి. జనం ఎక్కువుండే మాథర్ పాయింట్, విజిటర్ సెంటర్ ప్రాంతాన్ని బస్సులు నిండకముందే దాటేస్తారు. పైగా అలిసిపోయే సమయానికి దారిలో జనం పలచబడతారు. సౌత్ కైబాబ్ ట్రైల్‌హెడ్‌కి సొంత కారు పోనివ్వరు, పార్కు షటిల్ బస్సే ఎక్కాలి. తెల్లవారుజామున లోయలోకి దిగేవాళ్ల కోసం బ్రైట్ ఏంజెల్ లాడ్జ్ నుంచి హైకర్స్ ఎక్స్‌ప్రెస్ అని ఒక బస్సు నడుస్తుంది, అది పట్టుకోండి. టైమింగ్స్ నెలనెలా మారతాయి కాబట్టి ముందురోజు చూసుకోవాలి. ఇంకో మాట: అరిజోనాలో వేసవికి గడియారాలు ముందుకి జరపరు. పక్క రాష్ట్రం నుంచి వస్తే ఫోన్ చూపించే టైమ్‌ని ఒకసారి సరిచూసుకోండి, బస్సు గంట తేడాతో తప్పిపోవడం కంటే చికాకు ఇంకోటి లేదు.

ట్రైల్‌హెడ్ దగ్గర దిగగానే ఒక టెంప్టేషన్ ఉంటుంది. మిగతా అందరూ లోయలోకి దిగుతుంటారు, మీకూ 'కొంచెం దిగి వద్దామా' అనిపిస్తుంది. వద్దు. దిగిన ప్రతి అడుగూ మళ్లీ ఎక్కాలి. ఎండాకాలంలో పైన చల్లగా ఉన్నా కింద మంట పుడుతుంది, జూలైలో అంచు మీద 29 డిగ్రీలుంటే అడుగున నది దగ్గర 40 దాటుతుంది. ఇదే టెంప్టేషన్ మళ్లీ ఊళ్లో బ్రైట్ ఏంజెల్ ట్రైల్‌హెడ్ దగ్గర ఎదురవుతుంది, అప్పుడూ ఇదే జవాబు.

యావపై జియాలజీ మ్యూజియం దాటాక ఈ మొత్తం దారిలో నాకు బాగా నచ్చే ముక్క వస్తుంది. దాని పేరు ట్రైల్ ఆఫ్ టైమ్. నేలలో మీటరుకొక చిన్న కంచు బిళ్ల పొదిగారు, ఒక్కో బిళ్ల పది లక్షల ఏళ్లకి లెక్క, ప్రతి పదో బిళ్ల మీద అంకె ఉంటుంది. యావపై నుంచి ఊరి వైపు వెళ్తుంటే కాలంలో వెనక్కి పోతున్నట్టు. మీ కాళ్ల కింద, అంచు పైపొర అయిన కైబాబ్ సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్ల ఏళ్లు, అంటే మొదటి 270 మీటర్లలోనే దాన్ని దాటేస్తారు. లోయ అడుగున నల్లగా కనిపించే విష్ణు షిస్ట్ రాయి వయసు 170 కోట్ల ఏళ్ల పైమాటే (అవును, ఆ రాయి పేరు విష్ణువే, చుట్టుపక్కల శిఖరాల్లో బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ కూడా ఉన్నాయి). కిలోమీటరుకి ఆరు నిమిషాల వేగంతో వెళ్తే దాని దగ్గరికి చేరడానికి పది నిమిషాలు చాలు. దారిపొడవునా ఆయా పొరల రాళ్లు తెచ్చి పెట్టారు, చేత్తో తాకొచ్చు. వాచీ జీపీఎస్‌ని పరీక్షించడానికి కూడా ఇంతకంటే మంచి చోటు దొరకదు, వంద బిళ్లలకి వంద మీటర్లు చూపిస్తోందో లేదో చూడండి.

ఎల్ తోవర్ హోటల్, కోల్బ్ స్టూడియో ఉన్న ఊరి భాగంలో ఎలాగూ పరిగెత్తలేరు. పిల్లలు, చేతికర్రలు పట్టుకున్న పెద్దవాళ్లు, ఐస్‌క్రీములు, సెల్ఫీలు. నడవండి, ఉప్పుగా ఉన్నదేదైనా తినండి. ముఖ్యంగా నీళ్లు నింపుకోండి. బ్రైట్ ఏంజెల్ ట్రైల్‌హెడ్ దగ్గరున్న కొళాయి దాటితే హెర్మిట్స్ రెస్ట్ దాకా, అంటే పన్నెండు కిలోమీటర్ల పైన, చుక్క నీరు దొరకదు. చల్లటి రోజైతే లీటరు, ఎండగా ఉంటే లీటరున్నర. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడ్డాకే అర్థమవుతుంది ఒంట్లోంచి ఎంత పోయిందో. ఇక్కడికి నీళ్లొచ్చేదే లోయకి అవతలి గోడలోని రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి, లోయ మీదుగా వేసిన పాత పైపులో. అది తరచూ పగులుతుంటుంది. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో నీళ్ల పరిస్థితి తప్పకుండా చూడండి.

ఊరు దాటగానే ఇందాక చెప్పిన చడావు వస్తుంది, అక్కడ నడిస్తే పరువేం పోదు. 1869లో పడవల్లో కొలరాడో నది వెంట ఈ లోయగుండా ప్రయాణించిన జాన్ వెస్లీ పావెల్ స్మారకం ఉన్న పావెల్ పాయింట్ దాకా పక్కా బాటే. అక్కణ్ణుంచి మాన్యుమెంట్ క్రీక్ విస్టా దాకా ఇరుకైన మట్టి దారి. మామూలు రోడ్డు షూస్ సరిపోతాయి కానీ అరిగిపోయినవి వద్దు, గట్టి రాతి మీద గుండ్రటి సన్న రాళ్లు పరుచుకుని ఉంటే అడుగు ఎటు జారుతుందో మన చేతిలో ఉండదు. చాలా చోట్ల రెయిలింగ్ కూడా లేదు. అబిస్ అనే చోట గోడ దాదాపు మూడు వేల అడుగులు నిట్టనిలువుగా దిగిపోతుంది.

అందుకే ఈ దారి మొత్తానికి నేను పెట్టే రూల్ ఒక్కటే: పరిగెత్తేటప్పుడు దారినే చూడాలి, లోయని చూడాలనుకుంటే రెండు కాళ్లూ ఆపాలి. వినడానికి సులువే, పాటించడం కష్టం, ఎందుకంటే ప్రతి మలుపుకీ కొత్త దృశ్యం కంటికి తగులుతుంది, తల దానంతటదే తిరుగుతుంది. వాచీ ఆపకండి, ఆగిన టైమ్ కూడా పరుగులో భాగమే అనుకోండి, అప్పుడే తొందర తగ్గుతుంది. మొత్తానికి మూడు గంటలు పెట్టుకోండి. ఎవరినైనా దాటేటప్పుడు ముందే కేకేసి, లోయ వైపు కాకుండా లోపలి వైపు నుంచి దాటండి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవద్దు. ఎల్క్ అనే పెద్ద జింక అడ్డం వస్తే కనీసం 30 మీటర్ల దూరం ఉంచండి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మగవి మరీ కోపంగా ఉంటాయి. ముద్దుగా దగ్గరికొచ్చే ఉడుతలకి ఏమీ పెట్టొద్దు, కరుస్తాయి.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి ఉరుములతో వాన మామూలే. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే అంచు వదిలి బస్సులోకో బిల్డింగులోకో వెళ్లాలి, ఫినిష్ మూడు కిలోమీటర్లే ఉందన్న లెక్క అప్పుడు పనికిరాదు. నా మటుకు మే, అక్టోబర్ మంచివి. పొద్దున ఎముకలు కొరికే చలి ఉంటుంది కాబట్టి తీసి నడుముకి కట్టుకోగలిగే పల్చటి జాకెట్ వేసుకోండి.

మధ్యలో మానేయాల్సి వస్తే ఏం చేయాలో ముందే తెలిసుండాలి. మార్చి నుంచి నవంబర్ దాకా, ఊరి నుంచి హెర్మిట్స్ రెస్ట్‌కి వెళ్లే హెర్మిట్ రోడ్డు మీద ఎర్ర రూట్ బస్సు నడుస్తుంది. పడమరకి వెళ్లేటప్పుడు అన్ని పాయింట్ల దగ్గరా ఆగుతుంది, తిరిగి ఊరికి వచ్చేటప్పుడు మాత్రం పీమా, మొహావే, పావెల్ దగ్గరే. కాబట్టి అబిస్ దగ్గర మడమ బెణికితే ఊరి వైపు బస్సు కోసం చూస్తూ కూర్చోకండి, పడమర బస్సెక్కి చివరిదాకా వెళ్లి అందులోనే వెనక్కి రావాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, ఎన్నింటికి చేరతారో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.

మాన్యుమెంట్ క్రీక్ విస్టా నుంచి చివరి నాలుగున్నర కిలోమీటర్లు మళ్లీ వెడల్పాటి పక్కా బాట. ఓపిక మిగిలితే వేగం పెంచాల్సింది ఇక్కడే, సైకిళ్లు కూడా వస్తాయి కాబట్టి ఒక పక్కగా వెళ్లండి. హెర్మిట్స్ రెస్ట్‌లో 1914లో మేరీ కోల్టర్ డిజైన్ చేసిన రాతి కట్టడం, నీళ్లు, చిన్న తినుబండారాల కౌంటర్ ఉంటాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ ఎర్ర బస్సు ఉండదు, సొంత కార్లు వదులుతారు. అప్పుడైతే ముందే ఒక కారు చివర పెట్టుకోవాలి. నీడ పడే మలుపుల్లో ఐస్ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి బూట్లకి తగిలించుకునే స్పైక్స్ కూడా కావాలి, అవి లేకపోతే ఆ రోజుకి పరుగు మానేసి నడవండి.