పల్లి నూనె గానుగకు ముందు గ్రంథాలయం: మార్కెట్ పరిశోధనకు డేటాబేసులను వాడుకునే పద్ధతి

యాసంగి పల్లికాయ దిగే జనవరి, ఫిబ్రవరి నెలల్లో జడ్చర్ల దగ్గరి బాదేపల్లి మార్కెట్ యార్డులో రాశులు చూసినవారికి, ఇక్కడే ఒక గానుగ పెట్టుకుంటే బాగుండునన్న ఆలోచన రావడం సహజమే. ఆ ఆలోచన బ్యాంకు మేనేజరు ముందుకు చేరేసరికి మాత్రం సరుకు ఏ నెలలో ఎంతకు దొరుకుతుంది, నూనె కొనేవారు ఎవరు, ఇప్పటికే అమ్ముతున్నవారు ఎవరు అన్న ప్రశ్నలుగా మారుతుంది. వీటిలో చాలావాటికి జవాబులు గ్రంథాలయం చందా కట్టే డేటాబేసుల్లోను, ప్రభుత్వం ఉచితంగా పెట్టే గణాంకాల్లోను ఉన్నాయి. పాలమూరు విశ్వవిద్యాలయంలోనో నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో ఎంబీఏ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, చిన్న పరిశ్రమ పెట్టదలచినవారికి ఉపయోగపడేలా, మొదటి నుంచి చివరి దాకా పల్లి నూనె గానుగ ఒక్కదాన్నే ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ప్రశ్నను విడగొట్టాలి

"పల్లి నూనెకు మార్కెట్ ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు ఏ డేటాబేసూ జవాబు చెప్పదు. కంప్యూటర్ తెరవకముందే దాన్ని కాగితం మీద నాలుగైదు ముక్కలు చేసుకోవాలి. బాదేపల్లి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మార్కెట్లలో గత అయిదేళ్ళుగా నెలనెలా పల్లికాయ ధర ఎంత ఉందన్నది ఒక ముక్క. తెలంగాణలో పల్లెల్లోను, పట్నాల్లోను తలకు నెలకు ఎంత పల్లి నూనె వాడుతున్నారన్నది రెండోది. ప్యాకెట్ నూనె అమ్మే కంపెనీల అమ్మకాలు, లాభాలు ఎలా ఉన్నాయన్నది మూడోది. గానుగ నూనెకు ఎక్కువ ధర పెట్టడానికి కొనుగోలుదారులు ఎందుకు ఒప్పుకుంటున్నారన్నది నాలుగోది. మొదటి రెండింటికి ప్రభుత్వ గణాంకాలు, మూడోదానికి కంపెనీల డేటాబేసు, నాలుగోదానికి పరిశోధన పత్రికల డేటాబేసు చూడాలి. ఈ విభజన చేసుకోకుండా వెతికేవారు గంటల తరబడి కూర్చొని, చివరికి ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన "భారత వంటనూనెల మార్కెట్ ఇన్ని వేల కోట్లు" అన్న ఒక్క వాక్యంతో తిరిగివస్తారు. ఆ వాక్యం వల్ల గానుగకు ఒరిగేదేమీ లేదు. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి సరుకే, అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. ఆ మొత్తం అంకెలో పల్లి నూనె వాటా చాలా చిన్నది, గానుగ నూనె వాటా ఇంకా చిన్నది.

డేటాబేసులు ఎక్కడ అందుతాయి

2025 జనవరి 1 నుంచి అమలవుతున్న "ఒకే దేశం, ఒకే చందా" పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని ఉన్నత విద్యాసంస్థలకు ముప్ఫై ప్రచురణ సంస్థల పత్రికలు అందుతున్నాయి. దీన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలిపే యూజీసీ సంస్థ) కేంద్రం నడుపుతోంది. వాణిజ్యం, మేనేజ్‌మెంట్ చదివేవారికి పనికివచ్చే ఎమరాల్డ్, సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ పత్రికలు ఇందులో ఉన్నాయి. డిగ్రీ కళాశాలల కోసం అదే కేంద్రం ఎన్-లిస్ట్ అనే పథకాన్ని చాలా ఏళ్ళుగా నడుపుతోంది. కళాశాల అందులో చేరి ఉంటే లైబ్రేరియన్‌ను అడిగి యూజర్ ఐడీ తీసుకోవచ్చు, దానితో ఇంటి నుంచే చదువుకోవచ్చు.

ఒక విషయంలో పొరపడకూడదు. ఈ పథకాలు ఇచ్చేవి పత్రికలు, పుస్తకాలే తప్ప మార్కెట్ నివేదికల డేటాబేసులు కావు. స్టాటిస్టా, యూరోమానిటర్ వారి పాస్‌పోర్ట్ వంటివాటికి, కంపెనీల లెక్కలిచ్చే ప్రోవెస్, క్యాపిటలైన్ వంటివాటికి విద్యాసంస్థ విడిగా చందా కట్టాలి. మీ సంస్థ వేటికి కట్టిందో గ్రంథాలయం వెబ్‌సైటులోని జాబితాలో చూడండి, లేదా నేరుగా అడగండి. చందాలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి సీనియర్లు చెప్పినదాన్ని బట్టి పోవద్దు. మీరు ఆ సంస్థ విద్యార్థి కాకపోతే, బయటివారు గ్రంథాలయంలోనే కూర్చొని చూసుకోవడానికి లైసెన్సులో అనుమతి ఉందేమో అడగవచ్చు. చాలా ఒప్పందాల్లో అలాంటి నిబంధన ఉంటుంది, కానీ అడిగినవారికే అది తెలుస్తుంది. విద్యా అవసరాలకని ఇచ్చిన లైసెన్సుతో దించుకున్న పట్టికలను వ్యాపార నివేదికగా అమ్ముకోవడానికి మాత్రం వీలుండదు.

జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళవలసిన పని వేరు. స్థానిక వ్యాపార వార్తల కోసం పాత దినపత్రికల ఫైళ్ళు ఉన్నాయేమో అక్కడ చూడాలి. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే జిల్లా గణాంక దర్శిని అక్కడ దొరికితే మండలాల వారీ వివరాలు కూడా చేతికి వస్తాయి.

ఏ డేటాబేసు ఎవరిని లెక్కపెట్టదు

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలన్నది నా అభిప్రాయం. ప్రతి డేటాబేసూ కొందరిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. బయట మిగిలినవారెవరో తెలియకుండా దాని అంకెను వాడితే, లేని ఖాళీని ఉన్నట్టు చూస్తాం. సీఎంఐఈ (భారత ఆర్థిక వ్యవస్థ గణాంకాలు సేకరించే ప్రైవేటు సంస్థ) తయారుచేసే ప్రోవెస్‌లో కంపెనీల బ్యాలెన్స్ షీట్లు సంవత్సరాల వారీగా ఉంటాయి. ముడిసరుకు ఖర్చు అమ్మకాల్లో ఎంత శాతం, నిల్వ ఎన్ని రోజులు ఉంటోంది, అప్పుల మీద వడ్డీ ఎంత అన్నవి అందులో తీసుకోవచ్చు. అయితే అది కంపెనీలుగా నమోదైన సంస్థల లోకం. జడ్చర్లలో ఒకరి పేరు మీద నడిచే గానుగ అందులో కనిపించదు. వార్షిక పారిశ్రామిక సర్వే ప్రధానంగా ఫ్యాక్టరీలుగా నమోదైన వాటిని లెక్కిస్తుంది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అవి కరెంటు వాడుతూ పదిమంది, కరెంటు లేకుండా ఇరవైమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట్లు. ఇద్దరు మనుషులతో నడిచే గానుగ ఇక్కడా రాదు. అలాంటి చిన్న యూనిట్లకు కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ విడిగా అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే చేస్తోంది. కానీ అది నమూనా సర్వే కనుక ఒక మండలంలో గానుగలెన్ని ఉన్నాయో చెప్పదు. ప్రోవెస్‌లో మహబూబ్‌నగర్ చిరునామాతో నూనె కంపెనీ కనిపించలేదంటే పోటీ లేదని అర్థం కాదన్నమాట. ఆ లెక్క బజారులో తిరిగి మీరే రాసుకోవాలి.

ప్రోవెస్ అందుబాటులో లేనివారు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో ఒక్కో కంపెనీకి వంద రూపాయల రుసుము కట్టి, అది దాఖలు చేసిన పత్రాలను చూడవచ్చు. పోటీదారులుగా అనుకునే రెండు మూడు కంపెనీల లెక్కలు చాలు, ఇరవై కంపెనీలవి అక్కర్లేదు.

వెతికే మాటలు, కోడ్‌లు

పత్రికల డేటాబేసుల్లో ఇంగ్లీషు మాటలతోనే వెతకాలి, ఒకే సరుకుకు రెండు మూడు పేర్లు ఉంటాయి. పల్లికి గ్రౌండ్‌నట్ అని మన పరిశోధకులు, పీనట్ అని అమెరికా పరిశోధకులు రాస్తారు. రెండింటి మధ్య 'ఆర్' (OR, ఏదో ఒకటి ఉంటే చాలు) పెట్టి కుండలీకరణాల్లో ఉంచి, తరువాత 'అండ్' (AND, రెండూ ఉండాలి) పెట్టి, కోల్డ్ ప్రెస్డ్ అన్న రెండు మాటలనూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. కొటేషన్ గుర్తులు లేకపోతే చాలా డేటాబేసులు ఆ రెండు మాటలూ విడివిడిగా ఎక్కడ ఉన్నా చూపిస్తాయి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని అన్ని రూపాలూ వస్తాయి, ఉదాహరణకు 'కన్‌జ్యూమ్' మొదలు అక్షరాల తరువాత పెడితే కన్‌జ్యూమర్, కన్‌జ్యూమ్డ్ వంటివన్నీ దొరుకుతాయి. ఒక్క మంచి వ్యాసం దొరికాక, దానికి డేటాబేసు తగిలించిన విషయ శీర్షికలను చూసి వాటితో మళ్ళీ వెతకడం అన్నింటికంటే త్వరగా ఫలితమిచ్చే పద్ధతి. బిజినెస్ సోర్స్, ఏబీఐ ఇన్‌ఫార్మ్ వంటివాటిలో పరిశోధన పత్రికలతో పాటు వాణిజ్య పత్రికలు కూడా ఉంటాయి. మార్కెట్ పరిశోధనకు వాణిజ్య పత్రికలే ఎక్కువ పనికివస్తాయి కనుక, సమీక్షిత పత్రికలకే (వ్యాసాలను అచ్చుకు ముందు తోటి నిపుణులు పరిశీలించే పత్రికలు) పరిమితం చేసే గడిని టిక్ చేయకుండా వదిలేయండి.

నల్గొండ బత్తాయి మీద పనిచేసేవారికి ఇంకో చిక్కు ఉంది. మార్కెట్ ధరల పట్టికల్లో అది మోసంబి, స్వీట్ లైమ్ అన్న పేర్లతో కనిపిస్తుంది, ఉద్యాన పరిశోధనల్లో మాత్రం స్వీట్ ఆరెంజ్, సాత్‌గుడి అన్న పేర్లతో ఉంటుంది. రెండు చోట్లా ఒకే మాట వాడితే సగం సమాచారం పోతుంది.

పేర్లు మోసం చేసే చోట కోడ్‌లు కాపాడతాయి. ఎగుమతి దిగుమతుల లెక్కల్లో పల్లి నూనె 1508, పామాయిల్ 1511, సన్‌ఫ్లవర్ 1512, సోయా 1507. వాణిజ్య మంత్రిత్వశాఖ సైటులో ఈ కోడ్‌తో ఏ దేశానికి ఎంత పోయిందో ఉచితంగా చూడవచ్చు. పరిశ్రమల సర్వేల్లో నూనెలు, కొవ్వుల తయారీకి 2008 జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో 1040 తరగతి ఉంది.

స్థానిక ధరలు, మారిన జిల్లాలు

యార్డు ధరలకు కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల సైటు అగ్‌మార్క్‌నెట్ చూడాలి. రాష్ట్రం, మార్కెట్, సరుకు, తేదీలు ఎంచుకుంటే రాబడి (యార్డుకు వచ్చిన సరుకు), కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర వస్తాయి. మీ లెక్కలకు చివరిదే వాడండి. ఎక్కడో ఒక రాశికి పలికిన గరిష్ఠ ధర పత్రికల్లో శీర్షిక అవుతుంది గాని, మీరు కొనే ధర అది కాదు. ధర పక్కనే రాబడి కూడా దించుకోండి, ఎందుకంటే పది బస్తాలు వచ్చిన రోజు ధరకు, పది వేల బస్తాలు వచ్చిన రోజు ధరకు ఒకే విలువ ఇవ్వకూడదు.

జిల్లా గణాంకాలతో అయిదేళ్ళకు మించిన పోలిక చేసేవారు 2016 అక్టోబర్ 11ను గుర్తుంచుకోవాలి. ఆ రోజున పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు వెళ్ళాయి. పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి. ప్రభుత్వ గణాంకాలను ఒకచోట చేర్చి ఇచ్చే ఇండియాస్టాట్ వంటి డేటాబేసులో మహబూబ్‌నగర్ అని ఎంచుకొని 2014 నుంచి 2020 వరకు పల్లి విస్తీర్ణాన్ని గీత గీస్తే, పంట ఒక్కసారిగా కూలిపోయినట్టు కనిపిస్తుంది. కూలింది పంట కాదు, తగ్గింది జిల్లా వైశాల్యం. కొత్త జిల్లాలను కలిపి లెక్కవేయండి, బయటికి పోయిన మండలాల సంగతిని పట్టిక కింద రాయండి. 2011 జనగణన చెప్పే మహబూబ్‌నగర్ జనాభా 40,53,028 కూడా ఆ పాత జిల్లాదే.

వాడకానికి గృహ వినియోగ వ్యయ సర్వే ఉంది. 2023-24లో దేశం మొత్తం మీద తలసరి నెల ఖర్చు పల్లెల్లో రూ.4,122, పట్నాల్లో రూ.6,996 అని అది తేల్చింది. ఇందులో పల్లి నూనెను మిగతా నూనెల నుంచి వేరుగా లెక్కించారు కనుక, రాష్ట్రాల వారీ పట్టికలో తెలంగాణ వరుస చూస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జిల్లా స్థాయి అంకె కోసం మాత్రం దీన్ని వాడకండి, నమూనా అంత చిన్న ప్రాంతానికి సరిపోదు.

అంకెలను ఒకచోట చేర్చడం

దించుకున్న ప్రతి పట్టిక పక్కన సంస్థ పేరు, పట్టిక సంఖ్య, కొలమానం, ఏ సంవత్సరం అన్నవి అప్పుడే రాసుకోవాలి. సంవత్సరం దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త అవసరం. కంపెనీల లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, వ్యవసాయ సంవత్సరం జూలై నుంచి జూన్, నూనె వ్యాపారులు చెప్పే నూనె సంవత్సరం నవంబర్ నుంచి అక్టోబర్. మూడింటినీ "2023-24" అనే రాస్తారు.

ఇక ఇవన్నీ ఒక చిన్న లెక్కలోకి రావాలి. వంద కిలోల పల్లికాయను ఒలిస్తే సుమారు డెబ్భై కిలోల గింజ వస్తుంది. గానుగలో గింజ బరువులో నలభై శాతం నూనె దిగిందనుకుంటే 28 కిలోలు, అంటే దాదాపు 31 లీటర్లు. 2025-26కు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ.7,263. ఆ ధరకే కాయ కొన్నా లీటరుకు ముడిసరుకు ఖర్చు సుమారు రూ.235 పడుతుంది. ఇందులో నుంచి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) అమ్మకం మీద వచ్చేది తీసివేయాలి. ఒలుపు, కరెంటు, కూలీ, సీసా, అయిదు శాతం జీఎస్టీ కలపాలి. మద్దతు ధర ఉన్న గడిలో బాదేపల్లి యార్డులో ఎక్కువ సరుకు అమ్ముడైన ధరను నెలనెలా పెట్టి చూస్తే, ఏ నెలలో కొని నిల్వ చేసుకోవాలో, ఆ నిల్వకు ఎంత పెట్టుబడి కావాలో తేలుతుంది. కంపెనీల బ్యాలెన్స్ షీట్లలో నిల్వ రోజుల సంఖ్యను చూడమన్నది ఈ గడిని పూరించడానికే. చెక్క ధరను, ఒలుపు కూలిని ఏ డేటాబేసులోనూ వెతకవద్దు. యార్డు బయట పశువుల దాణా అమ్మే దుకాణాల్లోను, ఒలుపు మిషన్ల దగ్గరా అడిగి, అడిగిన తేదీతో సహా రాసుకోండి.